రెండు పొయ్యిల ఎండకాలం

నేను చాటల జొన్నలు పోసుకొని రాళ్లు ఏరుతున్న. బాపు మగ్గం గుంతల కాళ్లు వేసుకొని కూసున్నడు. మగ్గం మీద నూలు లేక నెల దాటింది. అయినా పొద్దుగాల లేవంగనే పోయి అండ్లనే కూసుంటడు. అన్న వాకిట్ల నిలబడి అంగీ గుండీలు పెట్టుకుంటుండు. ఇద్దరికి నిన్నటి నుంచి మాటల్లేవు. ఏది చెప్పుకోవాలన్నా అవ్వతోనే చెప్పుకుంటుండ్రు.

"నీ కొడుకుకు చెప్పు, ఇయ్యాల నూలు వరుసల కూసోవాలె అని," అన్నడు బాపు.

"బాపుకు చెప్పవ్వా, మనిషి మంచిగ లేకుంట నూలు తెచ్చి ఏం చేసుకుంటం అని," అన్నడు అన్న.

అవ్వ తల దువ్వుకుంటుంది. దువ్వెన జుట్టులనే ఆపి, "నేనేమన్న తపాలా డబ్బనా? ఒకలు గిటు ఏస్తరు, ఒకలు గటు తీస్తరు. ఇద్దరికి నోళ్లున్నయి గద, మాట్లాడుకోండ్రి," అన్నది.

లోపట వదినె నవ్వు ఆపుకుంటున్న చప్పుడు నాకొక్కదానికే వినబడ్డది.

ఆంధ్రప్రదేశ్ అయినంక వచ్చిన మొదటి ఎండకాలం అది. మాది మెట్‌పల్లికి దగ్గర్ల ఉన్న ఊరు, నేతపని ఇల్లు. మెట్‌పల్లిల పత్తి మిల్లు సావుకారి తన తల్లి పేరు మీద రుక్కవ్వ ధర్మం అని ఒకటి పెట్టిండు. ఏటేటా ఉగాదికి ముందు మిల్లు వాకిట్ల ధర్మం పంచుతరు. చదువుకు, వైద్యానికి, నూలుకు, బాయిలకు, వేములవాడ పోయే యాత్రికుల అన్నానికి, ఇట్ల తీరుతీరుకు ఇంత అని సావుకారి ముందే అనుకుంటడు. ఏది కావాలనుకున్నోళ్లు ఆ వరుసల పోయి కూసోవాలె. ఇచ్చింది వానల దాక సాగుతది. కట్టుబాటు ఒక్కటే. ఒక పొయ్యికి ఒక్క ధర్మం. ఒక్క పొయ్యి మీద తినేటోళ్లు రెండు వరుసల్ల దొరికితే రెండూ పోతయి, మళ్ల గేటు లోపటికి రానియ్యరు.

మాకేమో రెండూ కావాలె. మాకు నూలు ఇచ్చే దుకాణపాయన బాకీ చూపెట్టి నూలు ఆపిండు. బాపుకు చలికాలం నుంచి దగ్గు. మగ్గం తుడిచే గుడ్డతోని మూతి తుడుచుకొని, ఆ గుడ్డను మళ్ల ఎవలకు చూపెట్టకుంట గుంతల దాస్తుండు. తనకు మందు అడిగితే కొడుకు చేతిల పని ఉండదని బాపుకు బాధ. నూలు అడిగితే తండ్రి ఉండడని అన్నకు భయం.

"సరే తియ్యి. నూలే అడుగుదాం," అన్నడు అన్న ఆఖరుకు. బాపు తల ఊపిండు. ముచ్చట అయిపోయిందనుకున్నం.

వదినెను ఇంటి కాడ ఉంచి మేం నలుగురం మెట్‌పల్లికి బయలుదేరినం. తొవ్వల బాపుకు దగ్గు తెరలు తెరలుగ వచ్చింది. అన్న పట్టుకొని రోడ్డు పక్కకు తీసుకపోయిండు. నీళ్ల చెంబు ఇయ్యడానికి నేను పోతే అన్న నన్ను దగ్గరికి రావద్దని చెయ్యి చూపెట్టిండు. బాపు మట్టి మీద ఉమ్మిన దాని మీద అన్న కాలితోని ఇసుక తోసిండు. ఆడికెల్లి మిల్లు దాక అన్న బాపు చెయ్యి విడవలే.

మిల్లు వాకిలంత మంది. పత్తి బేళ్ల నీడకు ఆడోళ్లు కూసున్నరు. సావుకారి లెక్కలు చూసే మున్షీ లక్ష్మీరాజం ఒక బేలు మీద నిలబడ్డడు. అంత ఎండల గూడ నైజాం కాలపు షేర్వానీ తొడుక్కొని, మెడ మీది చెమట రుమాలుతోని అద్దుకుంటుండు. ఏ వరుసకు ఈ ఏడు ఎంత అనేది ఆయన గొంతెత్తి చెప్తడు, మంది తలా ఒక మాట అంటరు. అది ప్రతి ఏడు జాతర తీరుగ ఉంటది.

"ఈ ఏడు వైద్యానికి ఎక్కువ, బాయిలకు తక్కువ," అన్నడు మున్షీ. "పోయినేడు తవ్విచ్చిన బాయిలల్ల సగానికి నీళ్లు పడలే. సావుకారి మనసు విరిగింది."

"రాయి పడితె మాదా తప్పు?" అన్నడు బాయిల వరుసలకెల్లి ఒక ముసలాయన.

"సావుకారిది గూడ కాదు గద తాతా."

మా వాడకట్టు ఐలవ్వ, మా అవ్వ పక్కనే కూసున్నది. ఆమె నోరు ఊకుండదు. "మున్షీ సాబ్, దగ్గుకుంట నేసేటోడు ఏ వరుసల కూసోవాలె?" అని అరిచింది. మంది గొల్లుమన్నరు. మున్షీ గూడ నవ్విండు. "దగ్గు ఎక్కువుంటే గటు, నేత ఎక్కువుంటే గిటు," అన్నడు. అవ్వ నవ్వలే.

బాపు నూలు వరుసల కూసునుడు నేను చూసిన. అన్న నీళ్లు తాగొస్త అని పోయిండు. వచ్చి బాపు ఎనుక కూసుంటడనుకున్న. మున్షీ వరుసల నడుమ నడుసుకుంట ఒక్కొక్కలను ఊరు, పేరు, పొయ్యి అడుగుతుండు. బాపును అడిగిండు. బాపు చెప్పిండు. మున్షీ నూలు వరుస అయిపోగొట్టి వైద్యం వరుసకు మళ్లిండు. ఆ వరుసల చివర్ల అన్న కూసొని ఉన్నడు.

"మందు ఎవలకు?"

"మా బాపుకు. బాలమల్లు."

మున్షీ ఆగిండు. ఎనుకకు తిరిగి నూలు వరుస దిక్కు చూసిండు. "ఏ బాలమల్లు? గా బాలమల్లేనా?"

బాపు లేవబోయి లేవలేక అట్లనే చెయ్యి నేల మీద పెట్టుకొని ఉన్నడు. అన్న తల వంచుకున్నడు. ఇంక ఒక్క మాట మున్షీ అంటే రెండూ పోతయి. అప్పుడు అవ్వ లేచింది.

"వేరువడ్డం అయ్యా," అన్నది. "వాళ్లది వేరే పొయ్యి, మాది వేరే పొయ్యి."

మున్షీ ఆమెను కింది నుంచి మీది దాక చూసిండు. "గట్లయితే ముసలాయన నూలు వరుసలెందుకున్నడు? కొడుకు మందు వరుసలెందుకున్నడు?"

"ముసలోనికి మందు అడుగనీకి సిగ్గు, గందుకు కొడుకు కూసున్నడు. కొడుకుకు నోరు లేదు, గందుకు తండ్రి కూసున్నడు."

"వేరువడ్డంక గూడ గింత ప్రేమ, గింత పావురమా?" అన్నడు మున్షీ. మంది మళ్ల నవ్విండ్రు. ఆయన మాత్రం అవ్వ పేరు అడిగి, నవ్వుకుంటనే ఆమె మొఖం చూస్తుండు. "మంచిది లస్మవ్వా. రెండూ ఇస్త. కని వచ్చి చూస్త. ఎప్పుడొస్తనో చెప్ప."

పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి అవ్వ అబద్ధమాడంగ నేను వినలే. తిరుగు తొవ్వల ఆమె అందరికన్న ముందుగాల నడిచింది.

*

ఇంటికి రాంగనే అవ్వ కాళ్లు గూడ కడుక్కోలే. ఎర్రమట్టి తెచ్చి, పొట్టు, పెండ కలిపి, పెరట్ల కొట్టం కింద పిసుకుడు మొదలు పెట్టింది. నేను నీళ్లు పోస్తున్న. వదినె వచ్చి దర్వాజ కాడ నిలబడి సంగతంత విన్నది.

మా వదినె నర్మద ఆసిఫాబాద్ దిక్కు పిల్ల. మాటల మరాఠీ యాస ఉంటది. మా ఇంటికి వచ్చి రెండేండ్లయింది. వచ్చిన కొత్తల వాడకట్టోళ్లు ఆమె మాటను వెక్కిరిస్తే అవ్వనే అందరి నోళ్లు మూయించింది.

"నేను ముట్ట అత్తా," అన్నది వదినె.

"ఏం ముట్టవు?"

"గా పొయ్యి. ఊరు మిమ్ముల ఏమనది. నన్నంటది. ఎక్కడ్నో పుట్టింది, వచ్చి ఇల్లు రెండు చేసింది అంటది."

"అననీ. వానలు పడంగనే గడ్డపారతోని నేనే తీసేస్త. నా చేతుల ఏసిన పొయ్యి, నా చేతులనే తీస్త."

"పొయ్యి మీరు తీస్తరు. గా మాట ఎవలు తీస్తరు?"

అవ్వ చేతుల మట్టి పట్టుకొని కొద్దిసేపు ఆమె దిక్కు చూసింది. "మీ మామ నెత్తురు కక్కుతుండు బిడ్డా," అన్నది మెల్లగ. "ఇయ్యాల తొవ్వల చూసిన."

వదినె దర్వాజ దిగింది. వచ్చి అవ్వ ఎదురుంగ కూసున్నది. కొంగు నడుముకు దోపి మట్టిల చెయ్యి పెట్టింది. ఇద్దరు కలిసి పొయ్యి పెట్టిండ్రు. పొయ్యి గడ్డలను వదినె ఎంత నున్నగ చేసిందంటే అవ్వ చూసి, "నాలుగు దినాల పొయ్యికి గింత సోకెందుకే," అన్నది. ఇద్దరూ నవ్విండ్రు.

మా కులంల వేరువడ్డోళ్లు కొత్త పొయ్యిల పాత పొయ్యి నిప్పు ఏసుకోరు. మంది ఇంట్లకెల్లి తెచ్చుకుంటరు. అవ్వ మాత్రం మా పొయ్యిలకెల్లి నిప్పులు పెంకుల తీసుకపోయి కొత్త పొయ్యిల పోసింది. "నిప్పు మనదే," అన్నది, మాకందరికి వినబడేటట్టు. "నిప్పు ఒక్కటైతే పొయ్యి ఒక్కటే."

తెల్లారి బాయి కాడ ఐలవ్వ వదినెను పట్టుకున్నది. "ఏమే నర్మదా, అత్త కాసిన జొన్న గటక గొంతు దిగలేదా? మొగన్ని పట్టుకొని ఎనుక కొట్టంల చేరినవట?"

వదినె చేద లాగుతుంది. తాడు చేతులకు గట్టిగ చుట్టుకొని ఇంక జోరుగ లాగింది. నేను నోరు తెరవబోయిన. వదినె నా దిక్కు ఒక్కసారి చూసింది. మూసుకున్న. ఐలవ్వకు చెప్తే మెట్‌పల్లికి చెప్పినట్టే.

"మాట్లాడవేందే? మాట్లాడితే నోట్లకెల్లి మరాఠీ రాలుతదా?"

"రాలితే ఏరుకుంటవా ఐలత్తా?" అన్నది వదినె. బిందె చంకకెత్తుకొని నడిచింది. ఇల్లు వచ్చేదాక ఏడుస్తదేమో అని చూసిన. ఏడ్వలే. కని ఆ దినం అన్నం తినలే.

*

కొన్ని దినాలు వంట ఒక్కటే చేసినం. అవ్వ గటక కాస్తది, పులుసు పెడుతది. సగం తీసి ఎనుక పొయ్యి మీద పెట్టి వదినె ఉడికిచ్చినట్టు చేస్తది. రెండు కప్పుల మీదికెల్లి పొగ లేస్తది. తలుపు పెట్టుకొని అందరం ఒక్క దగ్గర్నే తింటం. బాపుకు ఆ ఆట మంచిగ అనిపిచ్చింది. "ఇయ్యాల ఏ ఇంట్ల సుట్టంగ కూసోను?" అని అడిగేటోడు.

నూలు వచ్చింది. మగ్గం మళ్ల కొట్టుకుంటుంది. ప్రతి అంగడి దినం బాపు, అవ్వ బస్సు ఎక్కి మెట్‌పల్లి పోయి, ధర్మం తరఫున చూసే డాక్టరు దగ్గర సూది ఏపిచ్చుకొని, పొడి మందు పట్టుకొని వస్తరు. అవ్వ మూటల గటక కట్టుకపోతది. సూది అయినంక ఇద్దరు దవాఖాన గోడ నీడకు కూసొని తింటరట. "పెండ్లయినంక మీ బాపు, నేను కలిసి ఇన్నిసార్లు ఊరు దాటలే," అన్నది అవ్వ ఒకనాడు నాతోని, కొద్దిగ సిగ్గుపడుకుంట.

ఒకనాడు పొద్దటి పూట మున్షీ పెరటి దిక్కుకెల్లి వచ్చిండు. ముంగట దర్వాజకు రాలే. అదే ఆయన తెలివి. కొట్టంల పొయ్యి మీది కుండ మూత తీయిచ్చి, "బిడ్డా, జర గటక పెట్టు, ఆకలైతుంది," అన్నడు. వదినె పెట్టింది. తిన్నడు. మూతి తుడుచుకొని లోపటికి వచ్చి, "లస్మవ్వా, నీ చేతి గటక గూడ తిందునే," అన్నడు. అవ్వ పెట్టింది. రెండు ముద్దలు తిని నాలుకతోని చప్పరిచ్చి చూసిండు.

"ఉప్పు గూడ ఒక్కతీరే ఏస్తరా అత్తాకోడండ్లు?"

నా చేతిల రాట్నం ఆగిపోయింది.

"నేర్పినదాన్ని నేనే గద అయ్యా," అన్నది అవ్వ.

మున్షీ చేతులు కడుక్కున్నడు. "ఈసారికి నమ్ముత," అన్నడు. "నాకు మీ మీద కోపం లేదు లస్మవ్వా. గేటు బయట మందు కోసం ఏడ్చేటోళ్లను దినాం చూస్త. ఒక ఇంటికి రెండిస్తే ఇంకొక ఇంటికి ఏదీ లేకుంట పోతది. నా పరేషాన్ గది."

ఆయన పోయినంక అవ్వ చాలాసేపు కుండ ముందు కూసున్నది. తర్వాత వదినెను పిలిచి, "రేపటికెల్లి నువ్వు వేరే వండుకో," అన్నది.

"ఏం వండాలె అత్తా?"

"నీకేమొస్తే గది. నా తీరు మాత్రం వండకు."

*

వదినె తెల్లారి పిట్ల చేసింది. అది ఆమె పుట్టింటి వంట. శెనిగెపిండిని నీళ్లల్ల కలిపి, ఎల్లిపాయ, మిరపకాయ తాలింపుల పోసి చిక్కగ ఉడికిస్తరు. జొన్న రొట్టెతోని తింటరు. బాపుకు శెనిగెపిండి పడదని మా ఇంట్ల అది ఎన్నడూ తేలే. రెండేండ్ల నుంచి వదినె అడగనూ అడగలే. ఆ ఎల్లిపాయ వాసన ఇల్లంత తిరిగింది. వదినె నన్ను పిలిచి రొట్టె మీద ఇంత పెట్టి, నేను తింటుంటే నా మొఖమే చూసింది.

"ఎట్లున్నది?"

"ఇంకొద్దిగ పెట్టు వదినె."

ఆమె అంత నవ్వుడు నేను మొదటిసారి చూసిన.

లోపటికి వస్తే అవ్వ పొయ్యి ముందున్నది. "ఏందా వాసన?"

"పిట్ల అట."

"తిన్నవా?"

"తిన్న."

"మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నదవ్వా."

అవ్వ గటక తిప్పుకుంట, "ఉండనీ," అన్నది. "పుట్టింటి రుచి గద."

ఆ తర్వాత తలుపు పెట్టుకొని అందరం ఒక్క దగ్గర కూసొని తినుడు మెల్లమెల్లగ తగ్గింది. ఎవలూ వద్దనలే. వదినె వంట ముందుగాల అయ్యేది. అన్న మగ్గం దిగి ఆకలితోని ఎనుకకు పోయేటోడు. బాపు మందుకు వేళ ఉంటది గనుక అవ్వ ఆయనకు తొందరగ పెట్టేది. నేను ఒక పూట ఇటు, ఒక పూట అటు తినేదాన్ని. వదినె కొట్టంల పని చేసుకుంట పాట పాడుకునుడు మొదలైంది. మా దిక్కు పాట కాదు. మాకు అర్థం కాదు. అవ్వ మొదట్ల అది వినుకుంట, "ఏమంటున్నదే గా పాట?" అని నన్ను అడిగేది. తర్వాత అడుగుడు మానేసింది.

బాపు దగ్గు తగ్గింది. ఎండపొద్దు వాకిట్ల కూసొని వచ్చిపోయేటోళ్లతోని ముచ్చట పెట్టే దాక వచ్చిండు. అన్న నేసిన పంచెలు అంగట్ల మంచి ధరకే పోయినయి. మేం ఏవైతే అడిగినమో రెండూ వచ్చినయి. అవ్వ కూడ అదే అన్నది ఒకనాడు ఐలవ్వతోని, "అడిగినయి రెండూ వచ్చినయి," అని. అని ఎందుకో లేచి లోపటికి పోయింది.

అన్న అంగడి నుంచి వస్తే తువ్వాల మూట ఎన్నడైనా అవ్వ చేతికే ఇచ్చేటోడు. చిన్నప్పటికెల్లి అంతే. ఆ దినం గూడ మూట పట్టుకొని ముంగట దర్వాజల నిలబడ్డడు. అవ్వ చెయ్యి చాపింది. అన్న మూట దిక్కు చూసిండు, పెరటి దిక్కు చూసిండు. మూట విప్పి నాలుగు వంకాయలు తీసి అవ్వ చేతిల పెట్టి, మిగిలింది పట్టుకొని ఎనుకకు పోయిండు. ఎనుక వదినె ఏదో అన్నది. అన్న నవ్విండు.

అవ్వ వంకాయలు కడిగింది. కడిగినయి మళ్ల కడిగింది.

ఒక పొద్దున గాలిదుమారం లేచింది. దినాం లెక్కనే అవ్వ పెంకుల నిప్పులు ఏసుకొని కొంగు అడ్డం పెట్టుకొని పెరట్లకు పోయింది. నేను ఎనుక చీపురు పట్టుకొని ఉన్న. కొట్టంల వదినె పొయ్యిల కట్టెలు పేర్చుకొని కూసున్నది. అవ్వను చూసి లేచి ఎదురొచ్చింది.

"ఎందుకత్తా దినాం చేతులు కాల్చుకుంటరు. నా కాడ అగ్గిపెట్టె ఉన్నది."

మంచిగనే అన్నది. పావురంగనే అన్నది. అవ్వ చెయ్యి పట్టుకొని కాలిందా అని తిప్పి గూడ చూసింది.

"అట్లనా," అన్నది అవ్వ. "మంచిదే బిడ్డా."

తిరిగొచ్చి నిప్పులు మా పొయ్యిలనే పోసింది. ఆ పూట గటక అడుగంటింది. బాపు దాన్నే తిన్నడు.

*

మిరుగు కార్తె వచ్చింది. మొదటి వాన పడ్డ నాడు చూరు కింద బిందెలు పెట్టనీకి నేను ఉరికిన. అప్పటికే వదినె తడుసుకుంట కొట్టంలకు పోయింది. పొయ్యి మీద రేకు కప్పింది. రేకు కొట్టుకపోకుంట నాలుగు మూలల రాళ్లు పెట్టింది. అవ్వ దర్వాజల నిలబడి చూసింది.

తెల్లారి అవ్వ అటుక మీది గడ్డపార దించింది.

"వానలు పడ్డయి," అన్నది.

అన్న మగ్గం మీదికెల్లి లేవలే. "ఇప్పుడేనా అవ్వా? మందు దసరా దాక ఆపొద్దని డాక్టరు అన్నడు గద. ధర్మం ఇంకింత సాగదీస్తరట. మున్షీ మళ్ల వస్తడు."

"అంటే దసరా దాక."

"దసరా దాక. ఆ మీద చూద్దాం."

"ఆ మీద ఏం చూస్తం కైలాసం?"

అన్న మగ్గం నాడెను ఈ చేతికెల్లి ఆ చేతికి మార్చుకున్నడు. మగ్గం కొట్టుకునుడు మొదలైంది. అవ్వ గడ్డపారను గోడకు ఆనిచ్చింది. మళ్ల అటుక మీద పెట్టలే.

మున్షీ అంగడి దినమే వచ్చిండు. సన్నగ వాన పడుతుంది. బాపు మెట్‌పల్లికి తయారై, తలకు రుమాలు చుట్టుకొని అరుగు మీద కూసున్నడు. అవ్వ గటక మూట కట్టి పక్కకు పెట్టింది. మున్షీ గొడుగు ముడుసుకుంట నవ్వు మొఖంతోని లోపటికి వచ్చిండు. వదినె తాగనీకి నీళ్లు తెచ్చింది.

"వైద్యం వరుసోళ్లల్ల నీ మొగడే అందరికన్న మంచిగ తేరుకున్నడు లస్మవ్వా. సావుకారికి నేనే చెప్పిన. దసరా దాక మందు సాగుతది, ఫికర్ చెయ్యకు. కొడుకుకు నూలు గూడ..."

"అయ్యా, ఒక మాట," అన్నది అవ్వ. "మాది ఒక్కటే పొయ్యి."

మున్షీకి అర్థం కాలే.

"నేను అబద్ధమాడిన. మేం వేరువడలే. గా పొయ్యి నేనే ఏసిన, మీకు చూపెట్టనీకి."

"అవ్వా!" అని అన్న లేచిండు.

మున్షీ మొఖంల నవ్వు పోయింది. "లస్మవ్వా, గీ మాట నిజమైతే మందు ఇయ్యాల్నే బంద్. నూలు వాపస్ తీసుకుంటరు. ఎరికేనా?"

"ఎరికే."

"మొగడు సగం తేరుకొని ఉన్నడు. సూదులు నడుమ ఆపితే ఏమైతదో డాక్టరు చెప్పలేదా నీకు?"

బాపు నేల దిక్కే చూస్తుండు. మున్షీ మా అందరిని ఒక్కొక్కలను చూసి వదినె కాడ ఆగిండు. గట్టిగ అడుగలే, చిన్నపిల్లను అడిగినట్టు అడిగిండు.

"పొయ్యి నీది గద బిడ్డా. నువ్వు చెప్పు. ఒక్కటా, వేరా?"

వదినె చేతిల ఖాళీ చెంబు ఉన్నది. ఒక్కటే అంటే అవ్వ మాట నిలుస్తది, బాపు మందు పోతది. వేరే అంటే మందు ఉంటది, ఇగ ఆ పొయ్యి ఉత్త ఆటకు ఏసింది అననీకి ఎవలకూ ఉండదు. ఊరంత అన్న మాటను ఆమె తన నోటితోని ఒప్పుకున్నట్టయితది. ఆమె ముందుగాల బాపును చూసింది. తర్వాత అన్నను చూసింది. అవ్వను చూడలే.

"వేరే అయ్యా," అన్నది. "ఉగాదికి ముందు నుంచే వేరే ఉన్నం. మా అత్తకు ఇష్టం లేదు. గందుకే గట్లంటున్నది."

మున్షీ గట్టిగ గాలి వదిలిండు. ఆయనకు గూడ ఆ జవాబే కావాలనిపిచ్చింది నాకు. "ప్రతి ఇంట్ల గిదే ముచ్చట," అన్నడు అవ్వ దిక్కు తిరిగి. "కొడుకు వేరువడితే తల్లికి కడుపుల మంట ఉంటది, కాదన. కని కోపంల గింత మాట అంటరా? మనిషి పాణం పోయేది. చూడు, ఈ ఏడు రుక్కవ్వ ధర్మం ఒక్క మీ గడపల్నే రెండిండ్లను నిలబెట్టింది. సంబురపడాలె."

గొడుగు విప్పుకొని ఆయన పోయిండు. వానల ఆయన చెప్పుల చప్పుడు మూల తిరిగే దాక వినబడ్డది.

అవ్వ గోడకు ఆనుకొని కూసున్నది. "ఎవల కోసం అన్నవు బిడ్డా గా మాట?" అని అడిగింది. గొంతుల కోపం లేదు.

"మామ కోసం," అన్నది వదినె.

అవ్వ తల ఊపింది. అంతటితోని అయిపోయేదే. కని వదినె అక్కడికెల్లి కదల్లే. చెంబు కింద పెట్టి అవ్వ ఎదురుంగ కూసున్నది. మట్టి పిసికిన నాడు కూసున్నంత దగ్గరనే కూసున్నది.

"ఒక్క మామ కోసమే అంటే మళ్ల అబద్ధమైతది అత్తా," అన్నది.

అన్న ఏదో అనబోయిండు. వదినె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అవ్వ ఆమె మొఖంలకు చూసింది. కొడుదునా, దగ్గరికి తీసుకుందునా అన్నట్టు అవ్వ చేతులు ఒళ్లనే కదిలినయి. రెండూ చెయ్యలే. బాపు దిక్కు తిరిగింది.

"నువ్వు చెప్పు," అన్నది. "ఇయ్యాల సూదికి నువ్వు పోతే గా పొయ్యి ఉన్నట్టే. ఇగ దాన్ని నేను ముట్ట. పోనంటే ఇప్పుడే మున్షీ ఎనుక ఉరికి, పిలుసుకొచ్చి, ఆయన ముందటనే కూలగొడుత. ఏదో ఒకటి చెప్పు."

"బాపూ, బస్సు వచ్చే యాల్లయింది," అన్నడు అన్న. వాని గొంతు చిన్నపిల్లగాని గొంతు తీరుగ ఉన్నది.

బాపు కండ్లు మూసుకున్నడు. లోపటికి గాలి పీల్చుకున్నడు. నేను దగ్గరనే ఉన్న, ఆ చప్పుడు విన్న. చలికాలం నుంచి ఎన్నడూ లేనంత నిండుగ, ఎక్కడా పట్టుకోకుంట గాలి లోపటికి పోయింది. ఆయనకు గూడ అది తెలిసినట్టున్నది. చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని కొద్దిసేపు అట్లనే ఉన్నడు.

తర్వాత అరుగు దిగిండు. చెప్పులు తొడుక్కున్నడు. గటక మూట అవ్వ పక్కనే ఉన్నది, దాని దిక్కు చెయ్యి చాపలే. రమ్మని అవ్వను పిలవలే. తల మీది రుమాలు సర్దుకొని, ఎవల మొఖం చూడకుంట, ఒక్క మాట అనకుంట, వానల తడుసుకుంట బస్సు ఆగే దిక్కు పోయిండు.